టుటు పాస్టరా, పొలిటీషియనా?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఆర్చ్‌బిషప్ అంటే బిషప్‌కి వచ్చే ప్రమోషనా? దక్షిణాఫ్రికా డెస్మండ్ టుటు ఆ పదవి దాకా ఎలా వెళ్ళారు? యూత్ మీటింగ్‌లో ఆయన గురించి మాట్లాడతానంటే మీ సంఘ పెద్ద ఒకాయన "ఆయన పాస్టరేమిటి, పొలిటీషియన్" అన్నారట, అది నిజమేనా? పాస్టర్లు కాబోయే పిల్లలకు ఇరవై ఏళ్ళకు పైగా సంఘ చరిత్ర చెప్పినవాణ్ణి. ఈ మూడో ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. కాస్త ఓపిక పట్టండి, జవాబు పెద్దదే.

ముందు పదవి సంగతి తేల్చేద్దాం. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ సంఘం నుంచి వచ్చిన సంఘాల్లో, అభిషేకాలు మూడే: డీకన్, ప్రీస్టు, బిషప్. ప్రీస్టునే మన సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘంలో) ప్రెస్బిటర్ అంటాం. ఆర్చ్‌బిషప్ అనే నాలుగో మెట్టు లేదు. బిషప్‌గా ఒక్కసారే తలమీద చేతులుంచి అభిషేకిస్తారు. ఆ తర్వాత ఎంత పెద్ద పీఠానికి మారినా మళ్ళీ అభిషేకం ఉండదు. టుటుకి 1976లో లెసోతో (దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న చిన్న దేశం) బిషప్‌గా అభిషేకం జరిగింది. 1985లో జోహనెస్‌బర్గ్‌కి, 1986లో కేప్‌టౌన్‌కి వెళ్ళినప్పుడు జరిగింది పీఠం మీద కూర్చోబెట్టే ఆరాధన మాత్రమే. ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం డయాసిస్. అలాంటివి కొన్ని కలిస్తే ఒక ప్రావిన్స్. అందులోని బిషప్‌లకు పెద్దన్నలాంటివాడు ఆర్చ్‌బిషప్. అక్కడ కేప్‌టౌన్ బిషప్ ఎవరైతే వారే ఆర్చ్‌బిషప్. టుటు కాలంలో ఆ ప్రావిన్స్ కిందికి నమీబియా, లెసోతో, స్వాజిలాండ్, మొజాంబిక్, అట్లాంటిక్ సముద్రం మధ్యనున్న సెయింట్ హెలీనా దీవి కూడా వచ్చేవి. పోపుకున్నలాంటి అధికారం ఇక్కడ ఎవరికీ లేదు. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌కి సైతం ఇంగ్లండ్ దాటితే దక్కేది గౌరవమే. మన సి.ఎస్.ఐ. పెద్ద బిషప్ అయిన మోడరేటర్‌ని గుర్తు తెచ్చుకుంటే సుమారుగా అర్థమవుతుంది, కాకపోతే మన దగ్గర గడువుకు ఎన్నుకుంటాం, వాళ్ళ ఆర్చ్‌బిషప్ రిటైరయ్యేదాకా ఉంటారు.

ఇక మనిషి సంగతి. 1931 అక్టోబరు 7న క్లెర్క్స్‌డార్ప్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి మెథడిస్టు ప్రైమరీ బడిలో హెడ్మాస్టరు. తల్లి ఇళ్ళలో పని చేసేది, తర్వాత రూడీపోర్ట్‌లోని ఒక అంధుల బడిలో వంట మనిషిగా చేరింది. పసితనంలో పోలియో రావడంతో టుటు కుడి చెయ్యి ఎప్పటికీ కొంచెం బలహీనంగానే ఉండిపోయింది. కుటుంబం ఆంగ్లికన్ సంఘంలోకి వచ్చింది ఆయనకు పన్నెండేళ్ళ వయసులో, 1943లో.

ఆ అంధుల బడి దగ్గరే ఒక చిన్న సంఘటన జరిగింది. టుటు జీవితాంతం దాన్ని చెబుతూనే ఉన్నారు. ఆయన, వాళ్ళమ్మ నిలబడి ఉండగా, పొడవాటి అంగీ తొడుక్కున్న ఒక తెల్ల ప్రీస్టు అటుగా నడిచి వెళ్తూ ఆమెను చూసి టోపీ ఎత్తి నమస్కరించాడు. అంతే. ఒక తెల్లవాడు నల్ల వంటమనిషికి టోపీ ఎత్తడం ఆ దేశంలో జరిగే పని కాదు. ఆ ప్రీస్టు పేరు ట్రెవర్ హడిల్‌స్టన్. తర్వాత టుటుకి క్షయ వచ్చి ఇరవై నెలలు ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు ఈయనే వారం వారం వచ్చి పుస్తకాలిచ్చి కూర్చునేవాడు. విచిత్రమేమిటంటే ఆ టోపీ ఎత్తినాయన కూడా చివరికి ఆర్చ్‌బిషప్ అయ్యాడు, హిందూ మహాసముద్ర ప్రావిన్స్‌కి.

టుటు కావాలనుకున్నది డాక్టరు. సీటు కూడా వచ్చింది. ఫీజు కట్టే స్తోమత లేదు. నాన్నలాగే టీచరయ్యారు. 1955లో లియాతో పెళ్ళి, ఆమెదీ టీచరు చదువే. ఈలోగా 1953 నాటి బంటూ విద్యా చట్టం అమల్లోకి వచ్చింది. నల్లపిల్లలకు కూలిపనికి సరిపడా చదువు చాలు అన్నది దాని సారం. ఆ పాఠాలు నేను చెప్పను అని టుటు ఉద్యోగం వదిలేశారు. మరి ఏం చెయ్యాలి? చదువుకున్న నల్లవాడికి అప్పట్లో ఉన్న దారులు రెండో మూడో, వాటిలో చర్చి ఒకటి. ఏదో దర్శనం కలిగి గురుపదవికి రాలేదని, బిషప్ తీసుకుంటానన్నాడు కాబట్టి ఇది సేవ చెయ్యడానికి ఒక మార్గం అనిపించిందని ఆయనే ఒప్పుకున్నారు. మా క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా కొందరు పిల్లల మొహాలు వెలిగేవి. వాళ్ళలోనూ చాలామంది "పిలుపు" వచ్చి వచ్చినవాళ్ళు కాదు మరి.

1960లో డీకన్, 1961లో ప్రీస్టు. మొదటి పోస్టింగ్ జోహనెస్‌బర్గ్ పక్కన బెనోనీలో. కారు షెడ్డును ఇల్లుగా మార్చిన గదుల్లో కాపురం, తెల్ల ప్రీస్టుకిచ్చే జీతంలో మూడింట రెండు వంతులు. గుర్తుంచుకోండి, ఇది ప్రభుత్వం ఇచ్చిన జీతం కాదు, చర్చి ఇచ్చిందే.

1962లో లండన్ కింగ్స్ కాలేజీలో చదువుకి వెళ్ళారు. డిగ్రీ తర్వాత పశ్చిమాఫ్రికాలో ఇస్లాం గురించి థీసిస్ రాసి మాస్టర్స్ కూడా చేశారు. గోల్డర్స్ గ్రీన్‌లో, తర్వాత సర్రేలోని ఒక పల్లెలో తెల్లవాళ్ళ సంఘాలకు అసిస్టెంటు పాస్టరుగా పనిచేశారు. ఆ రోజుల గురించి ఆయన నవ్వుతూ చెప్పే ముచ్చట ఒకటుంది. రాత్రిపూట భార్యాభర్తలు షికారుకెళ్ళి, దారి బాగా తెలిసినా పనిగట్టుకుని పోలీసుని ఆపి అడిగేవారట, అతను "సర్", "మేడమ్" అని పిలుస్తుంటే వినడానికి. సొంత దేశంలో పోలీసు కనబడితే జేబులో పాస్‌బుక్కు (నల్లవాళ్ళు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన గుర్తింపు పుస్తకం) ఉందా లేదా అని తడుముకోవాల్సిన మనుషులు.

ఆ తర్వాతి పదేళ్ళు టకటకా చెప్పేస్తాను. దక్షిణాఫ్రికాకి తిరిగొచ్చి ఆలిస్‌లోని సెమినరీలో పాఠాలు, లెసోతోలో యూనివర్సిటీ లెక్చరరు, మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళి మూడేళ్ళు వేదాంత విద్యకు నిధులిచ్చే సంస్థలో ఉద్యోగం. చదువు చెప్పుకునే పెద్దమనిషి జీవితమే ఇది. ఒక్కటి మాత్రం ఆపి చూడాలి. 1968లో ఆలిస్‌లో, పక్కనే ఉన్న ఫోర్ట్ హేర్ యూనివర్సిటీ పిల్లలు ధర్నాకి కూర్చుంటే పోలీసులు కుక్కలతో చుట్టుముట్టారు. టుటు పోలీసులను దాటుకుని వెళ్ళి ఆ పిల్లల మధ్య నిలబడి ప్రార్థన చేశారు. ఆయన చేసినది అప్పటికి అంతే, ప్రసంగం కూడా కాదు.

1975లో జోహనెస్‌బర్గ్ కథీడ్రల్‌కి డీన్‌గా, అంటే ఆ కథీడ్రల్ పెద్ద పాస్టరుగా వేశారు, ఆ పదవిలో మొదటి నల్లవాడు. డీన్‌గారికి తెల్లవాళ్ళ పేటలో బంగళా ఉంటుంది. భార్యాభర్తలు అది వద్దని నల్లవాళ్ళ పేట సొవెటోలో ఇల్లు తీసుకున్నారు. సొవెటోలో ఉండబట్టే పిల్లల్లో ఏం రగులుతోందో తెలిసింది. 1976 మేలో ప్రధాని వోర్‌స్టర్‌కి ఉత్తరం రాశారు. ఏదో ఒకటి త్వరగా చెయ్యకపోతే రక్తపాతం జరుగుతుందని భయంగా ఉందని. ఇదంతా రాజకీయ ప్రచారమని వోర్‌స్టర్ కొట్టిపారేశాడు. జూన్ 16న సొవెటో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

ఆ గొడవల మధ్యలోనే ఆయన్ని లెసోతోకి బిషప్‌గా పంపారు. ఇష్టం లేకుండానే వెళ్ళారు. కొండల మీద సంఘాలకు గుర్రం మీద తిరిగే డయాసిస్ అది. అక్కడినుంచే 1977 సెప్టెంబరు 25న కింగ్ విలియమ్స్ టౌన్‌కి వెళ్ళి స్టీవ్ బీకో భూస్థాపనలో ప్రసంగం చేశారు. బీకో ముప్ఫై ఏళ్ళ యువ నాయకుడు. పోలీసు కస్టడీలో తల మీద దెబ్బలతో చనిపోయాడు. వేలమంది వచ్చారు. చనిపోయినవాడి కోసమే కాక, చంపినవాళ్ళ కోసం కూడా ప్రార్థించమని టుటు ఆ జనాన్ని అడిగారు.

నేను ఏళ్ళ తరబడి ఆయన జీవితం చదివి పట్టుకున్న తాడు ఇక్కడ మొదలవుతుంది. మీ సంఘ పెద్దకు జవాబు కూడా ఇందులోనే ఉంది. టుటు ప్రసంగాలు, నోబెల్, విదేశీ పర్యటనలు పక్కన పెట్టి, ఆయన ఏయే సమాధుల దగ్గర నిలబడ్డారో వరసగా చూడండి. మిగతా అంతా అక్కడినుంచే వచ్చింది.

మా నాన్నగారు పల్లెటూరి పాస్టరు. "పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళినా ఊరుకుంటారు గానీ, చావుకి వెళ్ళకపోతే జన్మలో మరిచిపోరు" అనేవారు. నాకు పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం పెట్టె మోసుకుని సమాధుల తోటకి వెళ్తుంటే పొలంగట్టు మీద ఒకాయన అడ్డం నిలబడ్డాడు, ఈ దారిన తీసుకెళ్ళడానికి వీల్లేదని. నాన్న వాదించలేదు. పెట్టె కిందికి దించనివ్వలేదు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకుంటుంటే పాట ఎత్తారు. ఒకటి అయ్యాక ఇంకొకటి. చీకటి పడింది, లాంతర్లు వచ్చాయి, చివరికి ఆ మనిషి పక్కకు తప్పుకున్నాడు. మర్నాడు ఊళ్ళో "అయ్యగారు రాజకీయం మొదలెట్టారు" అన్నారు. మా నాన్నకు తెలిసిన రాజకీయం ఏమీ లేదు. శవాన్ని పాతిపెట్టడం ఆయన డ్యూటీ, దారి దొరక్కపోతే ఆ డ్యూటీ జరగదు.

దక్షిణాఫ్రికాలో ఇదే సంగతి దేశమంత పెద్దదై కూర్చుంది. 1976 నుంచి ఆరుబయట సభలన్నీ నిషేధం. ఆటలకు, అంత్యక్రియలకు మినహాయింపు. దాంతో జనం చేరాలంటే మిగిలింది సమాధుల తోటే. శనివారం భూస్థాపన, అక్కడ నినాదాలు, పోలీసు కాల్పులు, ఇంకో నలుగురు చావడం, మళ్ళీ శనివారం వాళ్ళ భూస్థాపన. దాని మధ్యలో సిలువ పట్టుకుని నిలబడాల్సినవాడు పాస్టరు. అతను ఏం మాట్లాడినా రాజకీయమే, మాట్లాడకపోయినా రాజకీయమే.

టుటు 1978 నుంచి దక్షిణాఫ్రికా చర్చిల కౌన్సిల్‌కి జనరల్ సెక్రటరీ. పాస్‌పోర్టు లాక్కున్నారు, ఒక రాత్రి జైల్లో పెట్టారు, కౌన్సిల్ లెక్కల మీద విచారణ కమిషన్ వేశారు. 1984లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆస్లోలో బాంబు బెదిరింపు రావడంతో కార్యక్రమం మధ్యలో అందరూ బయటికొచ్చి నిలబడాల్సి వచ్చింది. తన దేశంపై ఆర్థిక ఆంక్షలు పెట్టమని ప్రపంచాన్ని అడిగారు. ముందు దెబ్బ తగిలేది నల్ల కూలీలకేనని తెలిసే అడిగారు. ఈ విషయంలో ఆయనతో విభేదించేవాళ్ళు చర్చిలోనే చాలామంది ఉండేవారు. జోహనెస్‌బర్గ్ బిషప్ ఎన్నికలో పాస్టర్లు, సంఘస్థుల సభ ఎటూ తేల్చుకోలేక చేతులెత్తేస్తే, బిషప్‌లు కూర్చుని ఆయన్ని ఎంపిక చేశారు. నోబెల్ ప్రకటించిన మరుసటి నెల మాట ఇది. నోబెల్ వచ్చినా సొంత సంఘంలో సగంమందికి ఆయన మింగుడుపడలేదు.

ఇప్పుడు డుడూజా. 1985 జులై 10. జోహనెస్‌బర్గ్ తూర్పున ఉన్న నల్లవాళ్ళ కాలనీ. కుర్రాళ్ళ భూస్థాపన అయ్యాక జనం ఒక మనిషిని పట్టుకున్నారు, పోలీసు ఇన్‌ఫార్మర్ అని. కొడుతున్నారు. అతని కారు అప్పటికే తగలబడుతోంది, ఆ మంటల్లోకే ఈడ్చుకెళ్తున్నారు. టుటు, ఇంకో బిషప్ సిమియన్ న్‌కొవానే, అంగీలతోనే ఆ గుంపులోకి దూరారు. టుటు పొట్టి మనిషి. ఇలా చేస్తే మనకు, వాళ్ళకు తేడా ఏమిటని ఆయన అడుగుతుంటే కుర్రాళ్ళు ఎదురు తిరిగి అరుస్తున్నారు. ఆ వాదన సాగుతుండగా రక్తమోడుతున్న మనిషిని ఎలాగో లాగి ఒక కార్లో పడేసి పంపించేశారు. అతను బతికాడు.

కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పది రోజులకే అదే డుడూజాలో, మరో భూస్థాపనలో, మాకీ స్కొసానా అనే యువతిని ఇన్‌ఫార్మర్ అని టీవీ కెమెరాల ముందే కొట్టి, కాల్చి చంపేశారు. ఆమె ఇన్‌ఫార్మర్ కాదని తర్వాత టుటుయే ఛైర్మన్‌గా నడిచిన సత్యం–సయోధ్య కమిషన్ తేల్చింది. ఆ ఘోరం జరిగిన మూడు రోజులకు క్వాథెమాలో ఇంకో సామూహిక అంత్యక్రియలు. వేలమంది ముందు టుటు నిలబడి, మళ్ళీ ఇలాంటిది జరిగితే భార్యాపిల్లల్ని తీసుకుని ఈ దేశం వదిలిపోతానన్నారు. ఆయన వదిలిపోలేదు, ఆ హత్యలూ ఆగలేదు. అందుకే నేను క్లాసులో ఆయన్ని "గెలిచిన వీరుడి"లా ఎప్పుడూ చెప్పలేదు. కోపంతో ఊగిపోతున్న సొంత మనుషుల ముఖం మీద, వాళ్ళ పిల్లల శవపేటికల పక్కనే నిలబడి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో మాత్రం చెప్పేవాణ్ణి.

ఈలోగానే ఎమర్జెన్సీ వచ్చింది. భూస్థాపనల మీద కూడా ఆంక్షలు పెట్టారు. ఆగస్టు మొదట్లో డేవిటన్‌లో ఒక పదహారేళ్ళ అమ్మాయి అంత్యక్రియలు. డేవిటన్ అంటే టుటు కారు షెడ్డులో కాపురం పెట్టిన బెనోనీ పక్కదే. సైన్యం, కవచ వాహనాలు ఒకవైపు, నడిచే వెళ్తామనే కుర్రాళ్ళు ఒకవైపు. టుటు అటూ ఇటూ తిరిగి ఆఫీసర్లతో మాట్లాడి, జనం సమాధుల తోటకి వెళ్ళడానికి బస్సులు వచ్చేలా ఒప్పందం చేశారు. బస్సులు! నోబెల్ గ్రహీత ఆ రోజు చేసిన పని బస్సులు మాట్లాడటం.

1986 ఏప్రిల్‌లో కేప్‌టౌన్ ఆర్చ్‌బిషప్‌గా ఎన్నికయ్యారు, సెప్టెంబరు 7న పీఠం ఎక్కారు. ఆ పీఠం మీద మొదటి నల్లవాడు. అధికార నివాసం బిషప్స్‌కోర్ట్ తెల్లవాళ్ళ ప్రాంతంలో ఉంది. గ్రూప్ ఏరియాస్ చట్టం ప్రకారం అక్కడ ఉండాలంటే నల్లవాడు పర్మిట్ తీసుకోవాలి. నేను అడగను అన్నారు. అడక్కుండానే దిగారు. తోటలో పిల్లలు ఆడుకునే స్థలం పెట్టించి, ఈతకొలను డయాసిస్ వాళ్ళందరికీ తెరిచేశారు. ఈ చట్టం నల్లవాళ్ళ ఒక్కళ్ళ గోడు కాదు. 1860 నుంచి చెరకు తోటల కూలీలుగా నేటాల్ వెళ్ళిన మనవాళ్ళు, అందులో తెలుగువాళ్ళు కూడా, డర్బన్‌లో కేటో మేనర్ లాంటి పేటల్లో కట్టుకున్న ఇళ్ళు, గుళ్ళు వదిలి చాట్స్‌వర్త్‌కి వెళ్ళాల్సి వచ్చింది ఈ చట్టం వల్లే.

ఆర్చ్‌బిషప్‌గా ఆయన రోజు ఎలా గడిచేదో చాలామంది పట్టించుకోరు. తెల్లవారుజామున నాలుగింటికల్లా లేచి మౌనంగా ప్రార్థన. ప్రతిరోజూ ప్రభు సంస్కారం. శుక్రవారం రాత్రి భోజనం దాకా ఉపవాసం. ఆ తర్వాతే ఫోన్లు, ప్రెస్, ప్రెసిడెంటు. 1988లో పార్లమెంటుకి పాస్టర్ల ఊరేగింపు తీసి అరెస్టయ్యారు. 1989 సెప్టెంబరు 13న కేప్‌టౌన్ వీధుల్లో ముప్ఫై వేలమంది నడిచిన ఊరేగింపుకు ముందు నిలబడ్డారు. 1990 ఫిబ్రవరి 11న జైలు నుంచి విడుదలైన మండేలా ఆ మొదటి రాత్రి పడుకున్నది బిషప్స్‌కోర్ట్‌లోనే.

మీ సంఘ పెద్దకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఆ వెంటనే జరిగింది. మండేలా పార్టీ ఏ.ఎన్.సి. (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) మీద నిషేధం ఎత్తేశారు, పాస్టర్లు ఉత్సాహంగా సభ్యత్వాలు తీసుకుందామనుకుంటున్నారు. టుటు, బిషప్‌లు కలిసి వద్దన్నారు. ఆంగ్లికన్ పాస్టరు ఏ పార్టీ కార్డూ పట్టుకోకూడదని. సొంతవాళ్ళే తిట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నాయకులందరూ జైల్లోనో, పరాయి దేశాల్లోనో ఉంటే వాళ్ళ ఖాళీని మనం నింపాం, ఇక వాళ్ళొచ్చారు, మనం మన పనిలోకి వెళ్దాం అన్నది ఆయన వాదన. పొలిటీషియన్ అయితే ఓట్లు పండే కాలంలో ఇలా చేస్తాడా?

పార్టీ కార్డు లేకపోయినా సమాధులు మాత్రం ఆయన్ని వదల్లేదు. 1993 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు క్రిస్ హానీని ఒక తెల్ల జాత్యహంకారి కాల్చి చంపాడు. దేశం అంటుకునేలా ఉంది. స్టేడియంలో లక్షమందికి పైగా జనం. టుటు మైకు దగ్గర నిలబడి, మనందరికీ, తెల్లా నల్లా కలిపి అందరికీ స్వేచ్ఛ వస్తుందని వాళ్ళ చేతే మళ్ళీ మళ్ళీ అనిపించారు. ఏడాది తిరిగాక ఎన్నికలు జరిగాయి. అరవై రెండేళ్ళ వయసులో ఆయన జీవితంలో మొదటిసారి ఓటేశారు.

ఇక సత్యం–సయోధ్య కమిషన్. 1996లో ఆర్చ్‌బిషప్‌గా రిటైరయ్యారు గానీ అప్పటికే మండేలా ఈ కమిషన్‌కి ఛైర్మన్‌ని చేశారు. ఏర్పాటు ఇది: అపార్థీడ్ (తెల్లవాళ్ళ ప్రభుత్వం చట్టాలతో నడిపిన జాతి వివక్ష) కాలంలో రాజకీయ కారణంతో నేరం చేసినవాడు వచ్చి, జరిగింది జరిగినట్టు బయటపెడితే క్షమాభిక్షకు అర్హుడు. దాచిపెడితే కాదు. మొదటి విచారణ 1996 ఏప్రిల్ 15న ఈస్ట్ లండన్ సిటీ హాల్లో. ఊదారంగు అంగీలో వచ్చి, ప్రార్థనతో మొదలుపెట్టారు. రెండో రోజు చక్రాల కుర్చీలో ఒక పాత ఖైదీ వచ్చి తనను ఎలా హింసించారో చెబుతూ చెప్పలేక చేత్తో మొహం కప్పుకున్నాడు. టుటు బల్ల మీద తల వాల్చి ఏడ్చేశారు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. ఇక బహిరంగంగా ఏడవకూడదని తర్వాత అనుకున్నారట, బాధితుణ్ణి చూడాల్సిన లోకం నన్ను చూసింది అని.

ప్రార్థన మీద గొడవ కూడా జరిగింది. ఇది ప్రభుత్వ కమిషన్, అన్ని మతాలవాళ్ళూ వస్తారు, ప్రార్థన బదులు కాసేపు మౌనం పాటిద్దాం అని జోహనెస్‌బర్గ్ విచారణలో సహచరులు కోరారు. సరేనన్నారు. మౌనం అయింది. సాక్షిని పిలవబోయి ఆగారు, ఏదో తేడాగా ఉంది, ఇలా మొదలుపెట్టలేం అని చెప్పి అందరినీ కళ్ళు మూసుకోమని ప్రార్థన చేసేశారు. తప్పా, ఒప్పా? న్యాయ విచారణకు అది తగదనేవాళ్ళ మాటలో బలముంది. కానీ ఆయన వచ్చింది జడ్జిగా కాదు. ఆయనకు తెలిసిన పని అదొక్కటే.

ఈ కథలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది బీకో కుటుంబం. 1977లో ఏ కొడుకు సమాధి దగ్గర టుటు ప్రసంగం చేశారో, ఆ కుటుంబమే 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది. మా మనిషిని చంపినవాళ్ళకు క్షమాభిక్ష పెట్టే హక్కు మీకెవరిచ్చారు, మాకు కోర్టులో న్యాయం కావాలి అని. కేసు ఓడిపోయారు. తర్వాత ఆ పోలీసులు కమిషన్ ముందుకొచ్చి, తోపులాటలో తల గోడకు తగిలిందన్నట్టు చెప్పారు. 1999లో వాళ్ళకు క్షమాభిక్ష నిరాకరించారు. అయినా వాళ్ళ మీద కేసు నడవలేదు. అంటే ఆ కుటుంబానికి నిజమూ పూర్తిగా దక్కలేదు, న్యాయమూ దక్కలేదు.

లెక్కలు చూస్తే 7,112 మంది క్షమాభిక్షకు దరఖాస్తు పెట్టారు, 849 మందికి దక్కింది. కాబట్టి "అందరినీ ఊరికే వదిలేశారు" అనేవాళ్ళు పొరపాటు పడుతున్నారు. నిరాకరించినవాళ్ళ మీద విచారణలు నడపాల్సింది ప్రభుత్వం, అది చెయ్యలేదు. బాధితులకు ఆరేళ్ళపాటు ఏటా ఇరవై వేల ర్యాండ్ల పైచిలుకు ఇవ్వమని కమిషన్ చెబితే, 2003లో ఒక్కసారిగా 30,000 ఇచ్చి ప్రభుత్వం చేతులు దులుపుకుంది. టుటు ఈ విషయం మీద చివరిదాకా ప్రభుత్వాన్ని నిలదీస్తూనే ఉన్నారు. కానీ క్షమించమని జనాన్ని బతిమాలింది ఆయన నోరే కదా. 1997లో మండేలా మాజీ భార్య విన్నీ మండేలా విచారణలో, పద్నాలుగేళ్ళ కుర్రాడి హత్య మాట నడుస్తుండగా, ఆయన ఛైర్మన్ కుర్చీలోంచే ఆమెను దాదాపు ప్రాధేయపడ్డారు, పొరపాటు జరిగిందని ఒక్క మాట అనమ్మా అని. ఆమె అన్నది, పైపైన. నాకు ఆ ఘట్టం నచ్చదు. అక్కడ పొరుగింటి పాస్టరు మాట్లాడాడు, ఛైర్మన్ మాట్లాడి ఉండాల్సింది.

అధికారంలో ఉన్నవాళ్ళతో మాత్రం ఆ మెత్తదనం చూపించలేదు. 1998 అక్టోబరులో రిపోర్టు వచ్చే ముందు రోజు, తమ పోరాట కాలం నాటి తప్పులు అందులో ఉన్నాయని ఏ.ఎన్.సి. కోర్టుకెళ్ళి ఆపబోయింది. నిన్న అణిచివేతకు గురైనవాళ్ళే ఇవాళ అణిచేవాళ్ళు కావచ్చని టుటు మొహం మీదే అన్నారు. 2011లో ఆయన ఎనభయ్యో పుట్టినరోజుకి రావాల్సిన దలైలామాకు వీసా దొరకలేదు. ఈ ప్రభుత్వం అపార్థీడ్ ప్రభుత్వం కంటే దారుణం అనేశారు. 2013లో మండేలా పోయినప్పుడు కూను గ్రామంలో భూస్థాపనకు తనకు పిలుపు లేదన్నారు. కాసేపు పెద్ద రగడ అయింది, చివరికి వెళ్ళారు. తన ఇంట మొదటి రాత్రి నిద్రపోయిన మిత్రుడి చివరి కార్యక్రమంలో ఆయనకు ప్రసంగం లేదు, కుర్చీ ఉంది.

మన దేశం ఆయనకు 2005 సంవత్సరానికి గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది. మీ మీటింగ్‌లో ఆ మాట చెబితే పెద్దలు కొంచెం మెత్తబడొచ్చు.

2021 డిసెంబరు 26న తొంభై ఏళ్ళ వయసులో పోయారు. తన అంత్యక్రియలు ఎలా జరగాలో ముందే చెప్పిపెట్టారు. దొరికినంతలో చవకైన పెట్టె. మెరుగు పెట్టని పైన్ చెక్క, ఇత్తడి పిడులకు బదులు తాళ్ళు. కుటుంబం పెట్టిన ఒక్క పూలగుత్తి తప్ప పూలు వద్దు. 2022 జనవరి 1న కేప్‌టౌన్ సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఆరాధన జరిగింది. నిప్పుతో కాకుండా నీటితో దేహాన్ని కరిగించే పద్ధతి ఎంచుకున్నారు. అస్థికలు మర్నాడు అక్కడే పెద్ద బలిపీఠం ముందు ఉంచారు.

ఆయన కూతురు మ్‌ఫో కూడా ఆంగ్లికన్ ప్రీస్టే. ఒక స్త్రీని పెళ్ళాడినందుకు 2016లో దక్షిణాఫ్రికాలో పాస్టరు లైసెన్సు వదులుకోవాల్సి వచ్చింది. తండ్రి కూతురి పక్షానే నిలబడ్డారు. 2022 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో ఆమె గాడ్‌ఫాదర్ (బాప్తిస్మంలో సాక్షిగా నిలిచిన పెద్ద) చనిపోయారు. తన భూస్థాపన ఆరాధన మ్‌ఫోయే నడిపించాలన్నది ఆయన కోరిక. చర్చి లోపల కుదరదని ఇంగ్లండ్ సంఘం అధికారులు చెప్పారు. కుటుంబం పక్కనే ఉన్న తోటలో షామియానా వేయించింది, పెట్టెను అక్కడికే తెచ్చారు, ఆమె అక్కడే నిలబడి ఆరాధన నడిపించింది.